మార్చిన తుంటిని దాచుకోవడమెందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తుంటి మార్పిడి గురించే. ఎవరు ఎలా అడిగినా అందరి భయం ఒక్కటే, వాడితే అరిగిపోతుందేమోనని. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి ముందు వీటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నాకు 61 ఏళ్లు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నిరుడు కుడి తుంటి మార్పిడి అయింది. ఇప్పుడు నొప్పి లేదు. రోజూ పొద్దున్నే నాగేశ్వరరావు పార్కులో నడుస్తాను. ఫోన్‌లో చూసుకుంటే రోజు మొత్తానికి 10 వేల అడుగులు దాటుతున్నాయి. మా బావగారేమో “ఆ కీలుకి ఇన్ని అడుగులని లెక్క ఉంటుంది, అన్నీ ఇప్పుడే ఖర్చు పెట్టేస్తే డెబ్బై దాటాక మళ్లీ కోయించుకోవాలి” అంటున్నారు. అప్పటినుంచీ ఒకటే టెన్షన్. నడక సగానికి తగ్గించమంటారా? వచ్చే ఏడు అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. ఎక్కొచ్చా?
– కె.ఆర్., మైలాపూరు

జవాబు: కె.ఆర్. గారూ, మీ బావగారి మాటలో సగం నిజముంది. ముందు ఆ సగం సంగతి చూద్దాం.

చెప్పులు అరిగేది కొన్న తేదీని బట్టి కాదు, తిరిగిన దూరాన్ని బట్టి. మార్చిన తుంటి అంటే ఒక గిన్నె, అందులో తిరిగే ఒక బంతి. ఆ గిన్నె కూడా అంతే. ఈ సంగతిని అడుగులు లెక్కపెట్టి మరీ చూపించింది లాస్ ఏంజిలిస్ సర్జన్ థామస్ ష్మాల్‌జ్రీడ్ బృందం. 1998లో వాళ్లు కీలు మార్పిడి అయినవాళ్లకు అడుగులు లెక్కించే మీటర్లు కట్టి చూస్తే సగటున రోజుకు 5 వేల అడుగులు తేలాయి. అంటే ఒక్కో కాలికి ఏడాదికి సుమారు 9 లక్షలు. ఈ సగటు చూసి అందరూ అంతే నడుస్తారనుకోవద్దు. కొందరు కొన్ని వందల అడుగులతో రోజు గడిపేశారు, కొందరు 15 వేలు దాటేశారు. ఒకే రకం కీలు పెట్టించుకున్న ఇద్దరిలో ఒకరిది పదేళ్లయినా చెక్కుచెదరకపోవడానికీ, ఇంకొకరిది అరిగిపోవడానికీ ఇదొక ముఖ్య కారణం. ఇంకో వింత కూడా ఉంది. లావుగా ఉన్నవాళ్ల కీలు త్వరగా అరుగుతుందనుకుంటాం. వాళ్లు నడిచేదే తక్కువ కాబట్టి లెక్క అటూ ఇటూ సరిపోతుంటుంది. (బరువు తగ్గక్కర్లేదని దీనికి అర్థం కాదు సుమా!)

అసలు అరిగేది ఏమిటి, ఎంత?

నా బల్ల సొరుగులో ఒక పాత గిన్నె ఉంది. రంగనాథన్ వీధిలో బట్టల కొట్టు నడిపి, జీవితమంతా నిలబడే గడిపిన ఒక పెద్దాయనది. రివిజన్ (పాత కీలు తీసి కొత్తది పెట్టే రెండో ఆపరేషన్) చేసి తీసినప్పుడు ఆయన్నడిగి, శుభ్రం చేయించి ఉంచుకున్నాను. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ పసుపు తిరిగింది. లోపల వేలు పెట్టి తిప్పితే కింది భాగమంతా నున్నగా ఉండి, పై అంచు దగ్గరికొచ్చేసరికి గోరుకి ఒక గట్టు తగులుతుంది. గట్టు అవతల బంతి తనకోసం ఇంకో గుంట తొలుచుకుంది. అక్కడ గిన్నె ఎంత పలచబడిందంటే, ట్యూబులైటుకి ఎదురుగా పెడితే వెలుతురు కనిపిస్తుంది.

దాన్ని చూసినవాళ్లంతా ఆ పలచని చోటు మీద వేలుపెట్టి “ఇదన్నమాట సమస్య” అంటారు. కాదు. గిన్నెకు చిల్లి పడి మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలా అరుదు. ఆ గుంటలోంచి పోయిన ప్లాస్టిక్ ఏమైందన్నది చూడాలి. అది కంటికి ఆనని నలుసులై కీలు చుట్టూ చేరుతుంది. వాటిలో చాలావరకు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి. ఒంట్లోని రక్షక కణాలు బయటినుంచి వచ్చిన శత్రువనుకుని వాటిని మింగేస్తాయి, కానీ జీర్ణం చేసుకోలేవు. ఆ అవస్థలో అవి వదిలే రసాయనాలు ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి. క్రమంగా ఇంప్లాంట్ చుట్టూ ఎముక గుల్లబారి, పట్టు సడలుతుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు మనిషికి నొప్పి తెలియకపోవచ్చు. అదే ఇందులోని చిక్కు.

ఇప్పుడు మీ సంగతి. పాత రకం ప్లాస్టిక్ ఏడాదికి సుమారు 0.1 మిల్లీమీటరు అరిగేది. 1990ల చివర్లో క్రాస్‌లింక్డ్ రకం వచ్చింది. రేడియేషన్ పెట్టి ప్లాస్టిక్‌లోని గొలుసులను ఒకదానికొకటి ముడివేస్తారు. ఇది అరిగేది ఏడాదికి 0.05 మిల్లీమీటరు కన్నా తక్కువ, చాలామందిలో అందులో సగం కూడా ఉండదు. అరుగుదల 0.1 లోపు ఉంటే ఎముక కరగడం అరుదని పాత కేసులు చూసి తెలుసుకున్నాం. నిరుడు ఆపరేషన్ అంటే మీకు పెట్టింది ప్లాస్టిక్ గిన్నె అయితే దాదాపుగా ఈ కొత్త రకమే అయి ఉంటుంది. అయినా నా మాట నమ్మడం దేనికి? డిశ్చార్జి సమ్మరీలో గానీ దానితో ఇచ్చిన కాగితాల్లో గానీ ఇంప్లాంట్ స్టిక్కర్లు అంటించి ఉంటాయి. వాటి మీద బంతి సైజు, గిన్నె రకం, లాట్ నంబరు ఉంటాయి. ఆ కాగితం ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టండి. పదిహేనేళ్ల తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అడిగేది అదే. సుళ్లూరుపేట నుంచి తెల్లవారుజాము లోకల్‌లో, పెద్ద ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. కవర్లో పెళ్లి శుభలేఖలు కూడా ఉంటాయి గానీ ఈ స్టిక్కరు మాత్రం ఉండదు!

రోజుకు 10 వేల అడుగులంటే మీ కుడికాలి మీద ఏడాదికి 18 లక్షలు. సగటు మనిషికి రెండింతలు. అరుగుదల కూడా రెండింతలైందనుకుందాం. అప్పటికీ ఈ కొత్త ప్లాస్టిక్‌లో అది పాత రకం మామూలుగా అరిగినంత కూడా కాదు. తగ్గించక్కర్లేదు. నడవండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. మొదటి ఏడాది ఎక్స్‌రేలో బంతి కొంచెం పైకి జరిగినట్టు కనిపించవచ్చు. అది గిన్నెలో బంతి సర్దుకోవడం, దాన్ని అరుగుదల కింద కట్టకూడదు. ఎవరైనా భయపెడితే భయపడకండి.

అన్నట్టు, ఈ ప్లాస్టిక్ కథ కూడా చెప్పాలి. తుంటి మార్పిడికి ఇవాళ్టి రూపం ఇచ్చిన ఇంగ్లండు సర్జన్ జాన్ చార్న్లీ మొదట టెఫ్లాన్ గిన్నెలు వాడారు. నున్నగా ఉంటుంది కదా, రాపిడి ఉండదని. కొద్ది ఏళ్లకే అవన్నీ అరిగిపోయి రోగుల తుంట్లలో నలుసులు పేరుకున్నాయి. 1962లో ఒక సేల్స్‌మన్ పాలిథిన్ ముక్క తెచ్చిస్తే చార్న్లీ గోటితో నొక్కి చూసి, ఇది పనికిరాదని తీసిపారేశారట. ఆయన దగ్గర టెక్నీషియన్‌గా ఉన్న హ్యారీ క్రేవెన్ ఊరుకోలేదు. దాన్ని యంత్రానికి ఎక్కించి వదిలేశాడు. మూడు వారాలు తిరిగినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అది అరగలేదు. ఆ నవంబరులోనే మొదటి పేషెంటుకి పెట్టారు. ఒంట్లో అది ఎలా ఉంటుందో చూద్దామని చార్న్లీ టెఫ్లాన్‌తో పాటు ఆ ముక్కను కూడా సొంత తొడలో పెట్టించుకున్నాడు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుంది చెప్పండి!

మీ విషయంలో నా భయమల్లా కాలికి ఏదైనా తగిలి తూలడం గురించి. బెర్లిన్‌లో జార్జ్ బెర్గ్‌మన్ బృందం సెన్సర్లు అమర్చిన కీళ్లు పెట్టి కొలిచింది. మామూలు నడకలో తుంటి మీద పడే భారం ఒంటి బరువుకి దాదాపు రెండున్నర రెట్లు. తూలి, పడబోయి ఆపుకున్నప్పుడు అది ఎనిమిది రెట్ల దాకా పోయింది. మీరు 70 కిలోలుంటే ఒక్క తూలుకి 560 కిలోలన్నమాట. పడితే ఇంప్లాంట్ చుట్టూ ఎముక విరగొచ్చు. అదయితే రివిజన్ కన్నా పెద్ద తలనొప్పి. కాబట్టి పార్కులో ఎన్ని చుట్లు కొడతారన్నది మీ ఇష్టం. పార్కు దాకా ఎలా వెళ్తారన్నది మాత్రం నాకు కావాలి. లజ్ దగ్గర మెట్రో తవ్వకాల పక్కన, పలకలు లేచిన ఫుట్‌పాత్ మీద ఫోన్ చూసుకుంటూ నడవొద్దు. కార్తీకంలో నీళ్లు నిలిచిన రోజుల్లో ఇంట్లోనే నడవండి. రబ్బరు చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి.

కొండ సంగతి. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మధ్యలో చదును దారి కలుపుకున్నా అరుగుదల లెక్కలో అది పెద్ద విషయమే కాదు. మెట్లెక్కేటప్పుడు భారం కూడా నడకకన్నా కొంచెమే ఎక్కువ. అడ్డమల్లా తొడ, పిరుదు కండరాల బలం. అవి అలిసిపోయాక కాలు తడబడుతుంది, గాలి గోపురం దాకా నిలువు మెట్లే కదా. ఇంకా టైముంది. ఇప్పటినుంచీ మీ అపార్ట్‌మెంట్ మెట్లు కమ్మీ పట్టుకుని ఎక్కండి, వారానికొక అంతస్తు పెంచండి. కమ్మీ పట్టుకోకుండా ఒంటికాలి మీద కాసేపు నిలబడగలిగితే మీ సర్జన్‌కి చూపించి బయల్దేరండి. మొక్కు ఎక్కడానికే కదా, దిగేటప్పుడు బస్సులో రండి. దిగడంలోనే కాళ్లు వణుకుతాయి.

ప్రశ్న: మా అమ్మకు 72. ఎనిమిది నెలల కిందట ఎడమ తుంటి మార్చారు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. కానీ అమ్మ కుర్చీలోంచి లేవదు. “దీన్ని జాగ్రత్తగా వాడుకుంటే నేను పోయేదాకా వస్తుంది” అంటుంది. వంటింట్లోకి కూడా రావడం మానేసింది. కింద కూర్చుని పూజ చేసుకోలేకపోతున్నానని మాత్రం రోజూ బాధపడుతుంది.
– ఎస్. లక్ష్మి, పెరంబూరు

జవాబు: లక్ష్మిగారూ, ఇది అమ్మగారికి చదివి వినిపించండి. అమ్మా, మీరు పోయేదాకా అది వస్తుంది. మీరు దాచుకున్నా వస్తుంది, వాడుకున్నా వస్తుంది. బ్రిటన్‌లో వేల మందిని ఏళ్ల తరబడి చూసి 2017లో లెక్క తేల్చారు. డెబ్బై దాటాక తుంటి మార్పించుకున్నవాళ్లలో జీవితంలో మళ్లీ ఆపరేషన్ పడేది నూటికి ఐదుగురికి. మిగతా తొంభై ఐదుమందిలో చేరడానికి మీరు కుర్చీకి అతుక్కుపోనక్కర్లేదు. కూర్చునే ఉంటే కండరాలు కరిగిపోతాయి, ఎముక పలచబడుతుంది, లేచిన రోజున పడిపోతారు. మీ కీలుకి నిజంగా ప్రమాదం అదే.

లక్ష్మిగారూ, నడవమంటే అమ్మ నడవదు. పని చెప్పండి. పోపుల పెట్టె అందుకోమనండి, బాల్కనీలో తులసికి నీళ్లు పోయమనండి. కర్ర వాడితే కుడిచేత్తో పట్టుకోవాలి, అంటే ఆపరేషన్ అయిన కాలికి ఎదురు చేత్తో. చాలామంది అదే వైపు పట్టుకుంటారు, దానివల్ల లాభం తక్కువ.

కింద కూర్చోవడం అరుగుదల విషయం కాదు, కీలు జారడం విషయం. వెనకవైపు నుంచి చేసిన ఆపరేషన్ అయితే తుంటిని బాగా మడిచి, మోకాలు లోపలికి తిప్పడం మంచిది కాదు. పల్లంగా ఉన్న పీట మీద కూర్చుని, ముందుకు వంగి, కాళ్ల మధ్య ఉన్న కుందిలో వత్తి సవరిస్తారే, అచ్చంగా అదే భంగిమ. ఏ వైపు నుంచి చేశారు, బంతి సైజు ఎంత అని మీ సర్జన్‌ని అడిగి, ఆయన సరేనన్నాకే కింద కూర్చోబెట్టండి. అప్పటిదాకా దేవుణ్ణే పైకి ఎక్కించండి. నడుమెత్తు బల్ల మీద మందిరం, ముందు మోకాళ్లకన్నా ఎత్తున్న కుర్చీ. దేవుడికేమీ అభ్యంతరం ఉండదు.

ప్రశ్న: నాకు 39. ఏవీఎన్ (రక్తం అందక తుంటి ఎముక చచ్చుబడే జబ్బు) వల్ల రెండేళ్ల కిందట రెండు తుంట్లూ మార్చారు. అంబత్తూరులో ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌ని. ఆపరేషన్‌కి ముందు షటిల్ బాగా ఆడేవాణ్ణి. మళ్లీ మొదలుపెట్టాను, ఏమీ ఇబ్బంది లేదు. మావాళ్లు తిడుతున్నారు. ఆపాలా?
– వి.ఎస్., ఆవడి

జవాబు: మీకు రాసే జవాబు పైవాళ్లకు రాసినంత తేలిగ్గా రాయలేను. ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషి ముందు ఇంకా నలభై ఏళ్ల నడక ఉంది. అదే బ్రిటన్ లెక్కలో యాభై దాటిన కొత్తల్లో చేయించుకున్న మగవాళ్లలో జీవితకాలంలో రివిజన్ పడే అవకాశం 35 శాతం దాకా ఉంది. మీరు వాళ్లకన్నా చిన్న. ఆ లెక్కలో పాతరకం కీళ్లు కూడా ఉన్నాయి, మీకు బహుశా అంత ఉండదు. అయినా “నాకెప్పటికీ రాదు” అనుకుని ఆడొద్దు, “ఎప్పుడో ఒకసారి రావచ్చు” అనుకుని ఆడండి.

షటిల్‌లో నాకు నచ్చనివి మూడు: స్మాష్‌కి ఎగిరి ఒంటికాలి మీద దిగడం, నెట్ దగ్గర పొడుగ్గా కాలు చాచి ఆగడం, చెమటతో జారే సిమెంటు నేల. సింగిల్స్ మానేయండి. చెక్క కోర్టు మీద, మీ వయసువాళ్లతో డబుల్స్, అందని షటిల్‌ని వదిలేసే నిగ్రహం ఉంటే వారానికి ఒకట్రెండుసార్లు ఆడటానికి నేనైతే ఒప్పుకుంటాను. పందెం కట్టి ఆడేవాళ్లతో వద్దు. మిగతా రోజులు సైకిలు, ఈత. జాగింగ్, ఫుట్‌బాల్ మాత్రం వద్దనే అంటాను. ఫ్యాక్టరీలో మీరు తిరిగే అడుగులు కూడా లెక్కలోవే. షిఫ్టంతా తిరిగినవాళ్లు సాయంత్రం వాకింగ్ వేరే చేయక్కర్లేదు.

అసలు ఏవీఎన్ ఎందుకొచ్చిందో మీరు రాయలేదు. స్టిరాయిడ్లా, మద్యమా? మద్యమైతే షటిల్ కన్నా ముందు మానాల్సింది అది. తాగి పడే మనిషిని ఏ కీలూ కాపాడదు.

ప్రశ్న: నాది సిరామిక్ బంతి, సిరామిక్ గిన్నె. కుర్చీలోంచి లేచినప్పుడు కిర్రుమంటోంది. నొప్పి లేదు. అరిగిపోయిందా?
– పి.వి., విల్లివాక్కం

జవాబు: లేదు. సిరామిక్ మీద సిరామిక్ అన్నిటికన్నా తక్కువ అరుగుతుంది. కొందరిలో ఈ చప్పుడు వస్తుంది. గిన్నె అమరిన కోణం తేడాగా ఉండి బంతి ఒత్తిడి గిన్నె అంచు మీద పడటం దానికొక కారణం. నొప్పి లేకపోతే తొందరలేదు, కానీ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు తప్పక చెప్పండి. వీలైతే ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకెళ్లండి. కిర్రు పోయి కరకర మొదలైనా, ఉన్నట్టుండి నొప్పి వచ్చినా ఆ రోజే ఎక్స్‌రే తీయించండి. సిరామిక్ పగలడం చాలా అరుదు, పగిలితే మాత్రం ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న: మా నాన్నగారికి 2009లో లోహం బంతి, లోహం గిన్నె ఉన్న తుంటి పెట్టారు. అసలు అరగదన్నారు. ఇప్పుడేమో రక్తపరీక్ష చేయించమంటున్నారు. తుంటికీ రక్తానికీ ఏమిటి సంబంధం?
– జి.ఆర్., నెల్లూరు

జవాబు: చేయించండి, వాయిదా వేయొద్దు. లోహం లోహంతో రాసుకున్నప్పుడు కోబాల్టు, క్రోమియం రక్తంలోకి చేరతాయి, కీలు చుట్టూ కండను కూడా పాడుచేయగలవు. బ్రిటన్ నియంత్రణ సంస్థ లీటరు రక్తంలో 7 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్తగా వెంటాడి చూడమంది. ఈ రకంలోనే ఒకటైన ఏఎస్ఆర్‌ను డీప్యూ కంపెనీ 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో దాని బాధితులకు 30 లక్షల నుంచి 1.23 కోట్ల దాకా పరిహారం లెక్కను కేంద్రం 2018లో ఖరారు చేసింది. మీ నాన్నగారిది అదేనా కాదా అన్నది స్టిక్కరు చెబుతుంది. లేకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి రాసి ఇంప్లాంట్ వివరాలు అడగండి.

ప్రశ్న: నొప్పేమీ లేకపోయినా ఏటా ఎక్స్‌రే తీయించాలా? ఇది డబ్బు గుంజడం కాదా?
– ఒక పాఠకురాలు, టి.నగర్

జవాబు: ఏటా అక్కర్లేదు, అసలు మానేయడమూ వద్దు. నొప్పి లేకుండానే ఎముక కరుగుతుందని పైన రాశాను కదా. మామూలుగా మొదటి ఏడాది చివర ఒకటి, తర్వాత కొన్నేళ్లకొకటి, పదేళ్లు దాటాక కాస్త తరచుగా. మీ సర్జన్ చెప్పిన గడువు పాటించండి. తొడలో గానీ గజ్జల్లో గానీ కొత్తగా నొప్పి వస్తే మాత్రం గడువు చూడకండి. వెళ్లినప్పుడల్లా పాత ఎక్స్‌రేలన్నీ తీసుకెళ్లాలి. మేం కొలిచేది ఇవాళ్టి ఎక్స్‌రేని కాదు, దానికీ ఐదేళ్ల కిందటిదానికీ మధ్య తేడాని. వాట్సాప్‌లో పంపిన ఫొటో మీద అర మిల్లీమీటరు కొలవడం కుదరదు. ఫిల్మ్ గానీ సీడీ గానీ ఉండాలి.